టోఫూవాడి బూర

పాత రోజుల మీద తీసిన ఆ బొమ్మల సినిమాలో టోఫూ అనే సోయాపాల జున్ను అమ్మే బండివాడు బేరాల కోసం బూర ఊదగానే హాలంతా ముక్కులు చీదింది. మా పక్కింటి కురమోచి గారైతే చేతిరుమాలు తడిపేశారు.

"అచ్చం మా చిన్నప్పటిలాగే ఉంది హచియా గారూ! ఆ బూరలన్నీ ఎక్కడికి పోయాయో!" అన్నారు, టోఫూ అమ్మే నాతోనే.

నా బూరకి తన కుక్క బెదురుతోందని పోయినేడు పేట సంఘానికి అర్జీ పెట్టి ఆపించింది ఆవిడే. అయినా ఆశ చావక, మర్నాడు సాయంత్రం ఆవిడ గుమ్మం ముందు బండి ఆపి ఊదాను.

ఆవిడ బయటికొచ్చి, మర్యాదగా నడుం వంచి మరీ చెప్పారు: "ఏమనుకోకండి. సినిమాలోది వింటే ప్రాణం లేచొచ్చింది. మీది ఉత్త గోల. అసలు బూర ఎలా ఊదాలో ఆ సినిమావాళ్లని అడిగి నేర్చుకోండి."

ఆ సినిమావాళ్లు మూడు రోజులు మా కొట్లో కూర్చుని రికార్డు చేసుకుపోయింది ఈ బూరనే.