నైస్ అనే మాటకు నాలుగు వందల చీటీలు

ఆ రోజు ఇంట్లో ఆరుగురున్నారు. ముందుగదిలో హెస్టర్. నడవాలో వాచీ చూసుకుంటూ పచార్లు చేస్తున్న ఆమె అన్న ఆంబ్రోజ్, ఆ ఊరి పిండిమిల్లు యజమాని. మేడమీద హెస్టర్ గదిలో ఏడో నెల కడుపుతో వదిన సెలీనా, కిటికీకి కొత్త తెర కోసం టేపు పట్టి కొలుస్తూ. అదే గదిలో పెట్టె సర్దుతున్న పనిమనిషి డోర్కస్. ఇక పట్నం నుంచి వచ్చిన పెద్దమనుషులిద్దరు. విన్స్‌లేడ్‌గారు హెస్టర్‌కి ఎదురుగా కూర్చున్నారు. కార్బిన్‌గారు భోజనాల గదిలో తన వంతు కోసం కాచుకున్నారు.

"ఇద్దరూ కలిసి అడగరా అన్నయ్యా?" అని పొద్దున్నే అడిగింది హెస్టర్.

"ఊహూఁ. విడివిడిగా చూసి, ఎవరికి తోచింది వాళ్లు రాయాలి. అదీ పద్ధతి. నువ్వు ఉన్నదున్నట్టు చెప్పు, చాలు."

ఆరేళ్లుగా ఆమె పెద్ద నిఘంటువు కోసం చీటీలు రాస్తోంది. ఇంగ్లండు నలుమూలలా అలా రాసేవాళ్లు వందలమంది. పాత పుస్తకాలు చదవాలి, ఒక మాట ఎక్కడ ఏ అర్థంలో వచ్చిందో తేదీతో సహా చీటీ మీద ఎక్కించాలి, కట్టగట్టి పోస్టు చెయ్యాలి. జీతం లేదు. ఈస్టరుకి ముందు ధైర్యం చేసి, ఆ నిఘంటువు ఆఫీసులోనే ఉద్యోగం ఇమ్మని ఉత్తరం రాసింది. జవాబు వచ్చిందనీ, ఇద్దరు మనుషులొచ్చి పరీక్ష చేస్తారనీ పోయిన గురువారం ఆంబ్రోజే చెప్పాడు. ఇది నెగ్గితే ఈ ఇంట్లోంచి బయటపడుతుంది. లేదా, బతికినన్నాళ్లూ వదిన పిల్లలకి మేజోళ్లు అల్లుకోవాలి.

"ఈ రోజు తేదీ చెప్పగలరా?" అన్నారు విన్స్‌లేడ్‌గారు.

తేదీ లేని చీటీ చెత్తబుట్టకే పోతుందని ఆమెకు తెలుసు. "మే పన్నెండు, పద్దెనిమిది వందల తొంభై మూడు. శుక్రవారం."

"ఇప్పుడు ఏ మాట పట్టుకున్నారు?"

"నైస్."

"అదెంత మాట! అందరికీ తెలిసిందేగా?"

దాంతో హెస్టర్ బిడియం ఎగిరిపోయింది. "అదేనండీ తమాషా! లాటిన్‌లో దాని పుట్టుక చూస్తే 'ఏమీ తెలియనివాడు' అని. ఆరువందల ఏళ్ల కిందట మీరు నన్ను నైస్ అంటే, తెలివితక్కువదాన్నని తిట్టినట్టే. తర్వాత సిగ్గులేనిదని అయింది. ఆ పైన అతి నాజూకుదని. ఇంకొన్నాళ్లకి వెంట్రుకవాసి తేడా కూడా పట్టేదని. ఇప్పుడేమో టీ బాగున్నా నైసే, వాన వెలిసినా నైసే! దీనికే నాలుగు వందల చీటీలు రాశాను."

"ఎక్కడ దాచారు?"

"మంచం కింద, టోపీ పెట్టెల్లో. చోటు చాలక కొన్ని రొట్టె డబ్బాలో."

ఆయన తలూపి రాసుకున్నారు.

కార్బిన్‌గారు ఇంకా మెత్తటి మనిషి. ఆమె మణికట్టు పట్టుకుని నాడి చూస్తూ అడిగారు. "నిద్ర బాగా పడుతుందా అమ్మా?"

"ఎక్కడండీ! నాలుగింటికే లేచి కూర్చుంటాను. వాళ్లంతా నాకోసం కాచుకున్నట్టుంటుంది."

"ఎవరు?"

"చచ్చిపోయినవాళ్లు. మూడువందల ఏళ్ల కిందటి పాదిరీగారు ఒకాయన ఉన్నారు, పెళ్లాన్ని నైస్ అని దెప్పుతూంటారు. భలే కోపిష్టి."

"వాళ్ల గొంతులు వినిపిస్తాయా?"

"స్పష్టంగా. ఒక్కొక్కరిది ఒక్కో గొంతు. అవి వినకపోతే అర్థం ఎలా పట్టుకుంటామండీ?"

కార్బిన్‌గారు ఆ వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నారు. తన నోట వచ్చిన మాటను ఇంకొకరు కాగితం మీద ఎక్కించడం ఆమె ఎన్నడూ ఎరగదు. చెంపలు వెచ్చబడ్డాయి.

భోజనాల బల్ల దగ్గర ఇద్దరూ చెరో కాగితం మీద సంతకం పెట్టారు. వాళ్ల తర్వాత ఆంబ్రోజ్ కలం అందుకున్నాడు.

"నువ్వెందుకు అన్నయ్యా?"

"నీకు పెద్దదిక్కుని కదా. నా ఒప్పుదల కూడా ఉండాలట." అతను తలెత్తలేదు. "ఇవాళే బయల్దేరాలి."

"అయితే నెగ్గానన్నమాట!"

రెండేసి మెట్లు ఎక్కుతూ ఆమె మేడమీదకి పరిగెత్తింది. డోర్కస్ పెట్టె మూత మీద వాలి వెక్కివెక్కి ఏడుస్తోంది.

"ఏడుస్తావేమే పిచ్చిదానా! రొట్టె డబ్బాలో చెయ్యిపెడితే కాగితాలొస్తున్నాయని రోజూ నన్ను తిట్టిపోసేదానివి. ఇక నీ డబ్బా నీకే." హెస్టర్ పెట్టె తెరిచి చూసింది. "తలపిన్నులేవీ?"

"పెట్టొద్దన్నారు అమ్మాయిగారూ."

"అక్కడ అన్నీ వాళ్లే ఇస్తారు" అంది సెలీనా, టేపు చుట్టేస్తూ. "కలం, సిరా కూడా అక్కర్లేదు."

"మరి నా చీటీలు వదినా?"

"వెనక పంపిస్తాలే. నీ నైసులు నాలుగు వందలూ లెక్కపెట్టి మరీ పంపిస్తాను, సరేనా?"

ముగ్గురిలో హెస్టర్ ఒక్కతే నవ్వింది.

గేటు ముందు నల్లటి గుర్రబ్బండి ఆగి ఉంది. ఎక్కి కూర్చుని ఆమె అన్న చెయ్యి పట్టుకుంది. "మొదటి జీతంతో నీ బిడ్డకి ఉయ్యాల కొంటాను. ఏం, నాకు ఉత్తరాలు రాస్తావుగా?"

ఆంబ్రోజ్ చెయ్యి విడిపించుకుని బండి తలుపు వేశాడు. ఇంకొక్కసారి కిందికి దిగి అతన్ని కావలించుకోవాలనిపించి, ఆమె కిటికీ లేని ఆ బండి చీకట్లో తలుపంతా తడిమింది.

దానికి లోపలివైపు పిడి లేదు.