ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళు

“వేరే గైడు వద్దండీ. మాకు ఇతనే కావాలి,” అన్నారు మాస్టారు, టూరిస్టు ఆఫీసు బల్ల మీద కాగితం పెడుతూ.

బల్ల వెనక అమ్మాయి అందులో పేరు చదివింది. “ఇతను ఈ పనిలోకి కొత్తగా వచ్చాడండీ. మన భాష వచ్చిన పెద్దాయన ఇంకొకరున్నారు. ఈ ఊరంతా ఆయనకి కొట్టిన పిండి.”

“మేం ఉండేది మూడు రోజులే. ఇతనైతేనే తిరుగుతాం,” అంది మాస్టారి భార్య.

“ఎవరైనా చెప్పి పంపారా?”

“అలాంటిదే,” అన్నారు మాస్టారు.

గంటలో గైడు వచ్చాడు. ముప్ఫై దాటి ఉండవు. బక్కపల్చని మనిషి. వస్తూనే మాస్టారి భార్య కాళ్ళ వంక చూశాడు. “పిన్నిగారూ, ఆ చెప్పులు ఇక్కడ పనికిరావు. అన్నీ రాళ్ళ వీధులే. నెమ్మదిగా నడుద్దాం, ఊరు ఎక్కడికీ పారిపోదు.”

మొదటిరోజు కోట చూపించాడు. “దీన్ని ముగ్గురు రాజులు గెలిచారు బాబాయిగారూ. ఒక్కడూ ఇక్కడ కాపురం పెట్టలేదు. ఇన్ని మెట్లు ఎవడెక్కుతాడు?”

మాస్టారు కోట చూశారు. ఆమె మాత్రం గైడునే చూసింది. నవ్వుతుంటే చూసింది, తింటుంటే చూసింది, నీళ్ళ సీసా మూత తీసి తనకి అందిస్తుంటే అతని చేతులు చూసింది.

“అడుగు,” అన్నారు మాస్టారు లోగొంతుకతో.

“మీరే అడగండి.”

“నువ్వు అడుగుతానంటేనే కదా ఇంత దూరం వచ్చాం?”

ఆమె గైడు వైపు తిరిగింది. “పెళ్ళయిందా బాబూ?”

“లేదండీ.”

“ఇంట్లో ఎవరెవరుంటారు?”

“ఇక్కడ నేనొక్కణ్ణే. మా ఊళ్ళో అమ్మ ఉంది.”

“ఇంతకుముందు ఏం చేసేవాడివి?”

“బస్సు నడిపేవాణ్ణి. మానేశాను.”

“ఏం?”

“నడక ఒంటికి మంచిదని,” అని నవ్వాడు. ఆ నవ్వు పెదవులు దాటలేదు.

పెద్ద వీధి దాటాల్సి వచ్చింది. పచ్చ దీపం వెలిగినా అతను కదలలేదు. ఇద్దరికీ అడ్డంగా చెయ్యి చాపి అటూ ఇటూ చూస్తూ నిలబడ్డాడు.

“రోడ్డు ఖాళీగానే ఉందిగా?” అన్నారు మాస్టారు.

“ఉన్నా సరే బాబాయిగారూ.”

రెండోరోజు నడిబజారుకి తీసుకెళ్ళాడు. గడియారం స్తంభం కింద డప్పులు, బూరలు, రంగు గొడుగులు, గుంపులుగా ఆడేవాళ్ళు. ఒకమ్మాయి నేల మీద చతికిలబడి స్తంభం బొమ్మ గీస్తోంది. మాస్టారి భార్య అక్కడే ఆగిపోయింది. కదలమన్నా కదల్లేదు.

గైడు కాసేపు తటపటాయించాడు. పెళ్ళయిందా అనడం, ఇంటి సంగతులు అడగడం, ఎగాదిగా చూడడం... ఈ చూపులు ఏ చూపులో తెలియనంత అమాయకుడు కాదు.

“మీకు అమ్మాయి ఉందా బాబాయిగారూ?”

“ఒక్కతే.”

“ఏం చేస్తుంది?”

“బొమ్మలు వేసేది.”

“ఇప్పుడు?”

“ఇప్పుడు వెయ్యడం లేదు,” అన్నారు మాస్టారు. గైడు చెవులు ఎర్రబడ్డాయి.

హోటలు గదికి చేరాక ఆమె మంచం అంచున కూలబడింది. “మంచివాడిలాగే ఉన్నాడండీ,” అంది. చెడ్డ కబురు చెప్పినట్టు చెప్పింది.

మూడోరోజు పాత వంతెన మీద, నది చూపిస్తూ చూపిస్తూ గైడు ఆగిపోయాడు.

“పిన్నిగారూ, మీ మనసులో ఏముందో నాకు తెలుసు. తప్పుగా అనుకోకండి. మీ అమ్మాయికి నేను తగను.”

ఆమె వంతెన గోడ పట్టుకుంది.

“నా వల్ల ఒక ఘోరం జరిగింది. కావాలని చేసింది కాదని పెద్దలందరూ తేల్చారు. అయినా కళ్ళు మూస్తే అదే కనిపిస్తుంది. అది దాచి ఎవరి పిల్లనీ చేసుకోలేను. మీకైనా చెప్పేస్తాను, వినండి...”

“వద్దు బాబూ,” అంది ఆమె. “చెప్పకు.”

అతని తల మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి తియ్యలేదు. అతను చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. మాస్టారు నది వైపు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

విమానాశ్రయానికి వెళ్ళే టాక్సీలో మాస్టారు భార్య వైపు తిరిగారు.

“అన్ని మాటలు కూడబెట్టుకుని వచ్చావు. ఒక్కటీ అడగలేదే?” అన్నారాయన.

“అతనికీ నిద్ర పట్టడం లేదండీ,” అంది ఆమె. “మనలాగే.”

రెండేళ్ళ కిందట వాళ్ళమ్మాయి ప్రాణం పోయింది అతని బస్సు కిందే.