రాగి తీగ కట్టిన డబ్బా

ఆ రోజు ఆ ఇంట్లో సైదాబీ, ఆమె కూతురు అబిదా, ఊరి పెద్ద పీర్ సాహెబ్, పత్తి రైతులు కన్నయ్య, దానియేలు ఉన్నారు. వాకిట్లో గుంజ దగ్గర బర్రె చచ్చి పడుంది. దాని పాలమీదే ఆ ఇల్లు నడిచేది.

పొద్దున ఆ రైతులిద్దరి చేల మధ్య గట్టు మీద మేసొచ్చి, కుడితి తాగి, నురగలు కక్కింది. ముందు రోజు ఇద్దరూ పత్తికి మందు కొట్టారు. గాలి నీ చేను మీద నుంచే వీచిందని కన్నయ్య అంటే, మధ్యలో మళ్లిందని దానియేలు అన్నాడు.

"గాలికి సమన్లు పంపమంటారా ఏంది?" అన్నాడు పీర్ సాహెబ్.

మందు కొట్టినోళ్లు ఖాళీ డబ్బాను గట్టు మీద కర్రకు కట్టాలి. అది చూసి ఎవరూ పశువుల్ని అటు తోలరు. దానియేలు మర్చిపోయానని ఒప్పుకున్నాడు. కన్నయ్య మాత్రం రాగి తీగతో కట్టానని పిల్లల మీద ఒట్టేశాడు. గట్టు మీద ఉత్త కర్రే ఉంది. దానియేలు కిసుక్కున నవ్వాడు.

"ఎవరి మందో తేలదు. తేలలేదని సైదాబీ కడుపు మాడ్చుకోవాలా? ఇద్దరూ కొట్టారు, ఇద్దరూ మోయండి," అన్నాడు పీర్ సాహెబ్. కన్నయ్య తన పాడి బర్రెను సైదాబీకి తోలుకొచ్చి ఇవ్వాలి. బర్రె లేని దానియేలు తన వాటాకి కన్నయ్య ఎడ్లకు ఏడాది పొడుగునా చొప్ప వెయ్యాలి.

కన్నయ్య తల వంచుకుని లేచాడు.

పెద్దల ముందు నోరు విప్పని అబిదాకు కాలు నిలవలేదు. వంటింటి గుండా దొడ్లోకి పోయింది. ఎప్పుడూ జిడ్డుగా ఉండే కుడితి తొట్టి తళతళా తోమి బోర్లించి ఉంది. గడ్డివాము సందులో ఏదో మెరిసింది. లాగితే డబ్బా. దాని మెడకు రాగి తీగ. మీద ఎర్ర అక్షరాలతో 'విషం' అని ఉంది. పొద్దున అబిదా దూరం నుంచి చూస్తుండగా కుడితిని అమ్మ దాంతోనే ముంచి పోసింది. దారిలో దొరికింది, మంచి డబ్బా అని మురిసింది కూడా.

డబ్బా పట్టుకుని అబిదా వంటింట్లోకి పరుగెత్తింది. తల్లి ఎదురొచ్చింది.

"అమ్మా, కన్నయ్య మామ నిజమే చెప్పాడు. గడ్డి కాదేమో, ఇదేనేమో. నీకు చదువు రాదుగా, తెలియక..."

సైదాబీ డబ్బా లాక్కుని కొంగు కింద దాచింది. వాకిట్లో కన్నయ్య చెప్పులు తొడుక్కుంటున్న చప్పుడు. అబిదా అటు కదలబోయింది.

"ఇద్దరి మధ్య తెగింది. మూడో మనిషిని వెతకమాక," అంది సైదాబీ, కూతుర్ని సామాన్ల గదిలోకి నెట్టి. "చదువు రాకపోతే ముక్కు కూడా లేదనుకున్నావా? బర్రె పడ్డాక తొట్టి ఎందుకు తోమాననుకున్నావే?"

తలుపు మూసి, బయట గొళ్లెం పెట్టింది.