ఎర్ర డబ్బా

"ఆ ఎర్ర డబ్బా అంత దూరాన ఎవరు పెట్టమన్నారు నిన్ను?" ఆపరేషన్ థియేటర్లోకి వస్తూనే మత్తు డాక్టరు మానాసే నర్సు లవీనియా మీద ఒంటికాలి మీద లేచాడు.

"అందులో ఉన్నది నెత్తురు గడ్డకట్టించే మందు సార్. అదీ, మీ మత్తుమందు బుడ్డీ చూట్టానికి ఒక్కలాగే ఉంటాయి. నరానికి ఎక్కిస్తే ప్రాణం నిలబెడుతుంది గానీ, పొరపాటున వెన్నులోకి పోయిందా, ఇక మనిషి దక్కదు. అందుకే విడిగా..."

"నాకు పాఠాలు చెప్పొచ్చావా? పోయిన నెల నువ్వా గోడ దాకా నడిచెళ్ళి తెచ్చేలోపు ఆ జాలరి పెళ్ళాం నెత్తురంతా కారిపోయింది. అందులో బుడ్డి తెచ్చి నా ట్రేలో పెట్టు!"

మత్తుమందు బుడ్డి పక్కనే పెట్టింది. ఏం చేస్తుంది పాపం, ఉద్యోగం చేసుకోవాలి కదా!

బల్ల మీద కూర్చున్నది మానాసే సొంత అక్క లెసీలి. నిండు చూలాలు. మాయ అడ్డం పడింది. కడుపు కోస్తే నెత్తురు ఆగదు, కొయ్యకపోతే తల్లీబిడ్డా ఇద్దరూ ఉండరు. తుఫానుకి రాజధాని నుంచి విమానం రాలేదు, ఆ దీవి మొత్తానికీ మత్తిచ్చేవాడు మానాసే ఒక్కడే. టోంగా దేశపు ఆచారంలో తమ్ముడన్నవాడు అక్క ఒంటి గురించిన మాట చెవినపడితేనే లేచి వెళ్ళిపోతాడు. అలాంటిది ఆమె నడుం మీద చెయ్యి వెయ్యడమే!

"నా వల్ల కాదు," అన్నాడు పొద్దున.

"సరే, రేపు శవానికి చేసుకో నీ మర్యాదలు," అన్నాడు సర్జన్ కతోవా.

ఆ మాటకి ఒప్పుకున్నాడు గానీ షరతులు పెట్టాడు. అక్కని మెడ నుంచి కింది దాకా గుడ్డతో కప్పాలి, సూదికి అరచెయ్యంత కన్నం వదిలితే చాలు. తను గదిలో ఉన్నంతసేపూ ఒక్కరూ నోరు విప్పకూడదు.

మామూలుగా అయితే బుడ్డి విరిచే ముందు దాని మీది పేరు నర్సు పైకి చదవాలి, డాక్టరు విని సరేననాలి. లవీనియా అలవాటుగా నోరు తెరిచింది.

"ష్! ఏం చెప్పాను నీకు?"

మూసుకుంది. ఎంత తొందరగా అయిపోతే అంత మంచిదని మానాసే ట్రేలోంచి ఒక బుడ్డి తీసి విరిచాడు, మందు సిరంజిలోకి లాగాడు, కన్నంలోంచి వెన్నులోకి గుచ్చాడు. చటుక్కున గోడవైపు తిరిగి నిలబడి, హమ్మయ్య అనుకున్నాడు.

అక్కని పడుకోబెట్టారు. కాసేపటికి ఆమె లవీనియా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"కాళ్ళు మొద్దుబారడం లేదమ్మా... మండిపోతున్నాయి," అంది గుసగుసగా. "మావాడి ముందు ఆ మాటెత్తకు. సిగ్గుతో చచ్చిపోతాడు."

లవీనియా ఉండబట్టలేకపోయింది. "సార్, ఆమె కాళ్ళు..."

"నా ఎదుట మా అక్క కాళ్ళ గురించా? నోరు ముయ్యి!" గోడవైపు నుంచి తిరగకుండానే కసిరాడు మానాసే.

లెసీలి గుడ్డ కొస నోట్లో కుక్కుకుని పళ్ళబిగువున ఓర్చుకుంది. తమ్ముడి పరువు ముందు ఆమెకి ఏ మంటా ఎక్కువ కాదు.

సర్జన్ కతోవా ఆమె పొట్ట మీద గిల్లి చూశాడు. "మత్తింకా పట్టలేదే! సరే, ఈలోగా ఆ నెత్తురు గడ్డకట్టించే మందు నరానికి ఎక్కించెయ్. మళ్ళీ పోయిన నెలలాగా ఆలస్యం చెయ్యొద్దు."

"ఆలస్యమా? ఇదిగో, చేతికిందే పెట్టించాను," అన్నాడు మానాసే గర్వంగా.

అంతలో గుడ్డ కింద లెసీలి కాళ్ళు ఎగిరెగిరి పడసాగాయి. మానాసే కంగారుగా ట్రేలో మిగిలిన ఒక్క బుడ్డీ తీసి పైకెత్తాడు.

ఈసారి లవీనియా ఎవరి అనుమతికీ ఆగలేదు. పేరు పైకి చదివింది.

"మత్తుమందు, సార్."