లోయలో పలికే గొంతు

పొద కింద గుడ్లు పొదుగుతున్న కౌజుపిట్టకు పెనిమిటి గొంతు వినిపించింది. "వలలో పడ్డానే, తొందరగా రావే!" గుండెలు బాదుకుంటూ పరుగెత్తింది. అక్కడ ఎవరూ లేరు. తిరిగొచ్చేసరికి సగం గుడ్లు మాయం.

మృగరాజు కాకులచేత చాటింపు వేయించాడు. "గొంతులు మార్చే దొంగలున్నారు, జాగ్రత్త! మోసపోయినవాళ్లు లోయలోకి కేకేయండి. మా భటులు పలుకుతారు."

కౌజు మిగిలిన గుడ్లను రాతిసందులో దాచి, లోయ అంచున నిలబడి మొరపెట్టుకుంది.

"ఏడవకమ్మా," ఎవరో ఆప్యాయంగా పలికారు. "మిగతావి ఎక్కడ దాచావో చెప్పు, కాపలా పెడతాం."

రాజుగారి భటుడే కదా అని చెప్పేసింది. వెళ్లి చూస్తే సందులో పెంకులే ఉన్నాయి.

పైన కాకులు ఇంకా చాటుతూనే ఉన్నాయి. చెప్పుకోవడానికి వేరే దిక్కులేక కౌజు మళ్లీ లోయ అంచుకే వెళ్లింది.

"చెప్పమ్మా," అంది అదే గొంతు.