మన మిషన్లో నడుస్తుందా?

“మన మిషన్లో నడుస్తాదా, నడవదా? అదొక్కటీ సెప్పించు,” అన్నాడు పైడయ్య నాగమణితో.

కంచరపాలెంలో ఆయనది లారీల ఆఫీసు. పోర్టు నుంచి వెళ్ళే సరుకుకి చీటీలు కొట్టడం నాగమణి పని. ఎనభై ఎనిమిదిలో కంప్యూటరున్న ఆఫీసులే తక్కువ. పైడయ్య కొన్నది ఎవరో వాడి వదిలేసింది. చీటీలు అచ్చేసే ప్రోగ్రాం రాసిన త్రినాథరావు నాగమణికి కంప్యూటర్ నేర్పిన మాస్టారు. పైడయ్యకి ఆయన పేరు చెప్పింది ఆమే.

“తేడా వచ్చిందంటే నీ ఉద్యోగం ఉండదు. సూసుకో మరి.”

ఎదురుగా కూర్చున్న త్రినాథరావు నవ్వాడు. “ఎవరి దగ్గర ఏ మిషనుందో చూసుకుని రాయాల్సింది నేను. మీకెందుకండీ బెంగ? రెండు రోజులు మిషను నా దగ్గరుంచండి. దుమ్ము దులిపి, నడిపించి చూపిస్తాను.”

శుక్రవారం పొద్దున్నే రిక్షాలో మిషను దిగింది. నాగమణి దాని వెనక ఇంత పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టింది.

“ఏటమ్మా ఇది! తెల్లటి పెట్టెకి పసుపేటి? ఈ మరక జన్మలో వదల్దు,” అన్నాడు పైడయ్య.

“గోడవైపే కదండీ. ఎవరికి కనబడతాది?”

“ఇంకా నయం, నిమ్మకాయలు కట్టేవు కావు.”

కాసేపటికి త్రినాథరావు వచ్చి నడిపించాడు. చీటీలు టకటకా వచ్చిపడ్డాయి. ప్రోగ్రాం నడిచిందని పైడయ్య అక్కడికక్కడే కాగితం మీద సంతకం పెట్టేశాడు. ఇంకా చిన్న చిన్న పనులున్నాయని త్రినాథరావు మిషను మళ్ళీ పట్టుకెళ్ళాడు. సోమవారం తనే తెచ్చి, బల్ల మీద పెట్టి, వైర్లు తగిలించి వెళ్ళాడు.

నాగమణి మీట నొక్కింది. తెర మీద, మెమరీ చాలదని ఇంగ్లీషులో ఒక లైను. మళ్ళీ నొక్కింది. అదే లైను. మధ్యాహ్నం దాకా అదే లైను. బయట మూడు లారీలు చీటీల కోసం ఆగిపోయాయి.

కబురందుకుని త్రినాథరావు వచ్చాడు.

“మీ కళ్ళముందే నడిచింది కదండీ, ఇదే మిషన్లో! ఈ అమ్మాయే ఏదో నొక్కి పాడుచేసింది. పోనీ, కొత్త మిషను తీసుకోండి. నేను ఇప్పిస్తాను.”

“నానేటీ సేయలేదు మాస్టారూ!”

ఆయన ఆమె వైపు చూడలేదు.

“నీ మాట నమ్మి తెచ్చుకున్నాను,” అన్నాడు పైడయ్య. “దీన్ని తీసి మూల పెట్టు. రేపట్నుంచి నువ్వూ రాకు.”

నాగమణి లేచింది. వైర్లు ఊడదీయడానికి పెట్టెను ఇటు తిప్పింది.

వెనక ఎక్కడా పసుపు మరక లేదు.