సొరంగంలో రెండో గేరు

"ఆ బోల్టు ముట్టుకోకు," అన్నాడు హానుస్, షెడ్డు గుమ్మానికి అడ్డంగా నిలబడి.

కూతురు బిరిటా వినిపించుకోలేదు. దిమ్మెల మీదికెక్కించిన పాత వ్యాను కిందికి స్పానరుతో సహా దూరింది. ఎల్లుండి సోమవారం. అప్పట్నుంచి ఆమెకు సాల్మన్ చేపల పడవ మీద తెల్లవారుజాము డ్యూటీ. ఆరేళ్ళ కూతురు రాకుల్‌ను సొరంగం అవతలి బడిలో దింపాల్సింది ఈ వ్యానే, ఈ తాతే.

ఆ సొరంగం తలుచుకుంటేనే ఆమెకు భయం. ఫారో దీవుల్లో పాత సొరంగాలు ఎప్పుడూ ఇంతే. చీకటి, ఒక్క బండి పట్టేంత దారి. ఎదుట లైట్లు కనబడగానే ఈ ఊరి వైపు నుంచి వెళ్ళేవాళ్ళే గోడలో తొలిచిన సందులోకి తప్పుకోవాలి. పది రోజుల కిందట హానుస్ తప్పుకోలేదు. లారీ ఒకటి ఒరుసుకుంటూ పోయింది. అద్దం ఊడింది, ప్రాణం దక్కింది. అంతకు ముందు నెల ఇంకోసారి.

"రెండో గేరు పడలేదు. పడుంటే సందులోకి తిప్పేవాణ్ణే." రెండుసార్లూ అదే మాట.

పడవ ఇంజన్ల దగ్గర పదేళ్ళు పనిచేసిన బిరిటాకు ఆ మాటలో వింతేమీ తోచలేదు. చలికి పాత గేరు నూనె చిక్కబడుతుంది, గేరు మొరాయిస్తుంది. తనకు స్టీరింగు ముట్టనిస్తే తెలిసేది. వ్యాను తాళం చెవులు ఇంకొకరి చేతికిస్తే ఆయన హానుస్ ఎందుకవుతాడు!

"సింథటిక్ నూనె పోస్తే చలికి బిగుసుకోదు నాన్నా. గేరు వెన్నలా పడుతుంది."

"ముసలి బండి ఇదమ్మా. లోపలున్న మడ్డే దాని సీళ్ళకు కట్టు. నీ నీళ్ళలాంటి నూనె ఆ మడ్డి కడిగేసి చుక్క మిగలకుండా కారిపోతుంది."

"కారితే మళ్ళీ పోస్తా."

"ఇరవై ఆరేళ్ళు నడిపాను. నాకు చెప్తావా?"

"అన్నీ తెలిసినవాడివి, సోమవారం నా పిల్లని ఎక్కించుకుని కూడా గేరు పడలేదనే అంటావా?"

హానుస్ టోపీ తీసి చేతుల్లో నలిపాడు.

"పోనీ, పిల్లని బస్సులో పంపు."

"బడి ఎనిమిదికి. బస్సు ఎనిమిదిన్నరకు. వంకలు పెట్టకు నాన్నా, నాకసలే భయంగా ఉంది."

పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి. ఆయనతో వాదించే ఓపిక ఆమెకు లేదు. స్పానరు బిగించింది. నూనె పోసే బోల్టు ఊడుతుందో లేదో చూసుకోకుండా కార్చే బోల్టు విప్పకూడదు. అది ఊడకపోతే నూనె లేని బండి షెడ్డులోనే కూర్చుంటుంది, సోమవారం బడి గోవిందా. ఇన్నేళ్ళు తెరవని ఆ పై బోల్టు తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటుందని భయపడుతూనే, మడమలు తన్నిపెట్టి, ఊపిరి బిగబట్టి లాగింది.

ఒక్క పట్టుకే వదిలింది.

"హమ్మయ్య, అదృష్టం," అనుకుంది.

"బిరిటా, ఇంక చాలు. వద్దమ్మా." ఈసారి ఆయన గొంతులో కోపం లేదు.

"తాతా, సోమవారం నేను ముందు సీట్లోనే కూచుంటా!" వాకిట్లోంచి రాకుల్ కేక వేసింది.

బిరిటా తొట్టి జరిపి కింది బోల్టు విప్పింది. తారులా నల్లగా, బొట్టుబొట్టుగా దిగుతుందని మొహం పక్కకు తిప్పుకుంది.

నూనె గలగలా కారింది. టార్చి వేసి చూసింది. పాలు కలపని టీ రంగులో తేటగా ఉంది. వేలు ముంచింది. మడ్డి లేదు, ఇనప రజను లేదు. సీలు చుట్టూ తడిమింది. పొడిగా ఉంది. మెల్లగా పాకి బయటికొచ్చింది.

"నాన్నా, ఇదేంటి? ఇది పాత నూనె కాదే."

హానుస్ వాకిట్లో ఆడుకుంటున్న మనవరాలి వైపు చూశాడు. ఆమె అడుగుల చప్పుడు విని అటు తిరిగాడో, పిల్ల కనబడే తిరిగాడో చెప్పడం కష్టం. జేబులోంచి తాళం చెవులు తీసి కూతురి నూనె చేతిలో పెట్టాడు.

"కిందటేడే నేను మార్చేశానమ్మా, గేరు చక్కగానే పడుతోంది, ఆ సొరంగంలో ఎదురొచ్చే లైట్లే మీదికొచ్చేదాకా నాకు కనబడటం లేదు."